పన్నెండిళ్ల ఆయన

కూర్పు తర్వాత మొదటి రోజు

ఉదయం ఆరింటికి గాలి కొలిచే ముల్లు 6 మీద ఉంది. ఉండాల్సింది 14.

గాలిమూతికి గుడ్డ అడ్డుపడిందేమోనని తీసి దులిపాను. గొట్టం మెలిక పడిందేమోనని గోడ దాకా చేత్తో తడిమి చూశాను. ముల్లే పాడైందేమోనని వంటింటి ముల్లు పీకి తెచ్చి ఇక్కడ పెట్టాను. అదీ 6 అనే చెప్పింది. ఆయన మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, నా పనంతా చూస్తున్నారు.

"ఏమిటట?" అన్నారు. ఇదివరకు ఆ మాట తర్వాత ఇంకో నాలుగు మాటలు ఉండేవి.

"ఏం లేదు. నిన్ననే కదా కూర్పు అయింది. సర్దుకుంటోంది," అన్నాను.

అబద్ధం. కూర్పు అయ్యాక సర్దుకోవడం ఉండదు. పది రోజులకోసారి ఇంటిపత్రం రాసి కచేరీలో ఇస్తాం. ఏ గదిలో ఏ మూతి ఎంత తెరుచుకోవాలో, ఏ దీపం ఎప్పుడు వెలగాలో అందులో ఉంటుంది. కచేరీ యంత్రం దాన్ని చదివి మా గోడలోని పలకను ఆ ప్రకారం మళ్లీ అల్లుతుంది. అల్లింది మళ్లీ కూర్పు దాకా మారదు.

ఆయన ఇరవై రెండేళ్లు పైనేల మీద పని చేశారు. అక్కడి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. నేల కింద మా ఇళ్లల్లో తిరిగే పల్చటి గాలి ఆయనకి చాలదు. మూతిలోంచి వచ్చే చిక్కటి గాలి పద్నాలుగు కొలతలు కావాలి. పదికి తగ్గితే గోళ్లు నీలం తిరుగుతాయి. ఆరు నేనెప్పుడూ చూడలేదు.

ఎనిమిదింటికి ముల్లు 2కి పడింది. గాలిబుడ్డి తీశాను. నెలకి ఐదు బుడ్లు ఇస్తారు, ఒక్కోటి నాలుగు గంటలు. అరగంట బుడ్డి, అరగంట మూతి చొప్పున సాయంత్రం దాకా లాక్కొచ్చాను. మిగిలినవి 4.

రెండో రోజు

గంట గంటకీ ముల్లు చూసి రాశాను. ఉదయం ఆరు, ఏడు గంటలకి: 6. ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా: 2. ఐదింటికి మళ్లీ 6. నిన్న కూడా ఇంతే.

గొట్టం పగిలితే గడియారం చూసి పగలదు కదా.

పత్రం నకలు తీసి అక్షరం అక్షరం చదివాను. నా పత్రంలో తప్పు లేదు. గదులన్నిటికీ పైన "ఆయన: 14" అని ఒక్కసారి రాసుకుంటాను. కింద పడకగదిలో, వాలుకుర్చీ దగ్గర, స్నానాల గదిలో మూతులకి "ఆయన ఎంతో అంత" అని రాస్తాను. డాక్టరు అంకె మారిస్తే పైన ఒక్కచోట దిద్దితే చాలు, మూడుచోట్లా మారుతుంది. పదకొండేళ్లుగా ఇలాగే రాస్తున్నాను.

ఆయన మధ్యాహ్నం అన్నం ఐదు ముద్దలు తిన్నారు. ఆరోది నా వైపు తోశారు. నమలడానికీ ఊపిరి కావాలి.

బుడ్లు 3.

మూడో రోజు

ఆయనకి బుడ్డి తగిలించి కచేరీకి వెళ్లాను. ముకుందం గారని పెద్దాయన, కూర్పు గుమాస్తా, మా పత్రాలు పదేళ్లుగా తీసుకుంటున్నారు. నా నకలూ, రెండు రోజుల ముల్లు లెక్కా బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ నిదానంగా చదివారు.

"తప్పేం లేదమ్మా."

"పద్నాలుగు రాస్తే ఆరొస్తోంది. తప్పు లేదంటారేమిటండీ?"

"మీ పత్రమూ తప్పు కాదు, మా కూర్పూ తప్పు కాదు. ఇదివరకు ఇంటికో కూర్పు. ఈసారి నుంచి వరుసకో కూర్పు. నోటీసు అంటించాం కదా." పన్నెండు పత్రాల కట్ట తీసి నా ముందు పెట్టారు. దారంతో కుట్టి ఉంది. "మీ వరుస పన్నెండిళ్లూ కలిపి ఒకటే పత్రం కింద చదువుతుంది. గది లోపల రాసిన పేరు గదిలోనే ఉంటుంది, దానికేం ఇబ్బంది లేదు. గదులన్నిటికీ పైన, పత్రం నెత్తిన రాశారనుకోండి, అది అరుగు మీద పెట్టినట్టు. ఇదివరకు ఎవరి అరుగు వాళ్లది. ఇప్పుడు పన్నెండిళ్లకీ ఒకటే అరుగు."

"అయితే?"

"మీరు అరుగు మీద 'ఆయన' అని రాశారు. ఒకటో ఇంటావిడా 'ఆయన' అనే రాసింది. రెండో ఇంటావిడా అంతే. పన్నెండుమందీ అంతే." నవ్వబోయి ఆగిపోయారు.

"ఒకే పేరు పన్నెండుసార్లు ఉంటే యంత్రం తప్పు పట్టాలి కదండీ?"

"పట్టేదే. దాని పైన ఇంకో వాక్యం ఉంది చూశారా? 'ఈ పేరు ముందే చెప్పి ఉంటే మళ్లీ చెప్పవద్దు.' అది ముందు ఒకటో ఇల్లు చదివింది. అక్కడ ఆయన దొరికాడు. తర్వాతి పదకొండుమంది దగ్గరా ఆ వాక్యం చూసి దాటేసింది. మీరే వద్దన్నారు, అది మానేసింది."

అంటే మూడు రోజులుగా మా ఆయన ఒంట్లోకి పోతున్నది ఒకటో ఇంటాయన గాలి.

"రేపు మళ్లీ కూర్చండి. మీకు దణ్ణం పెడతాను."

"మధ్యలో కూర్పు తప్పొస్తేనే అమ్మా. ఇది శుభ్రంగా కూర్చుకుంది." చీటీ చూపించారు. తొమ్మిదో వరుస, తప్పులు: సున్నా. "ఎనిమిదో రోజున కొత్త పత్రం ఇవ్వండి. పదో రోజు కూర్పు."

"ఈలోగా మనిషి పోతే?"

ఆయన నా మొహం చూడలేదు. చీటీనే చూస్తూ, "దానికి వేరే పత్రం ఉందమ్మా," అన్నారు. ఆయన కఠినంగా అనలేదు. నిజంగానే ఉంది, అందుకని చెప్పారు.

బుడ్లు 2. ఇంకా ఏడు రోజులు.

నాలుగో రోజు

ఎనిమిది కాకముందే ఒకటో ఇంటికి వెళ్లాను. మంగతాయారు మనిషి మంచిది, నోరు పెద్దది. భర్త నీటిమరల దగ్గర పగటి డ్యూటీ. నేను వెళ్లేసరికి అతను చెప్పులేసుకుంటున్నాడు. అతను గడప దాటగానే ఆమె గోడ మీది మీటను చటుక్కున కిందికి లాగింది.

"ఏమిటి తాయారూ అది?"

"మా ఆయన మీట వదినా. నేనేం అంకె రాయలేదు, 'ఆయన అంటే ఈ మీట ఎంతుంటే అంత' అని రాశాను. ఇంట్లో ఉంటే ఆరు, డ్యూటీకెళ్తే రెండు. లేని మనిషికి గాలెందుకు దండగ?"

నా లెక్క కాగితం చూపించాను. ఎనిమిది నుంచి నాలుగు దాకా 2, ఐదింటికి 6. ఆమె వేలు పెట్టి చదివింది.

"అయ్యో రామ! అయితే మూడు రోజుల్నుంచీ మీ ఆయన్ని కూడా నేనే..." నవ్వు మొదలుపెట్టి, నా మొహం చూసి మింగేసింది. "ఎంత కావాలి వదినా?"

"పద్నాలుగు."

మీట పైకి తోసింది. నేను ఇంటికి పరుగెత్తాను. ముల్లు 14 మీద ఉంది. ఆయన వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. మెడ పక్కన నరం లేచి పడటం తగ్గింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, కూర్చుంటే లేవలేనేమోనని.

అరగంట కాలేదు, ఐదో ఇంటి కనకవల్లి తలుపు బాదింది. చంకలో మూడు నెలల పిల్ల. "పిన్నిగారూ, మా ఉయ్యాల మూతి ఈల వేస్తోంది. గాలి రావట్లేదు."

నేను ముందే వేసుకోవాల్సిన లెక్క. మీట ఒకటే గానీ మూతులు పన్నెండిళ్లలో ఉన్నాయి. పద్నాలుగు చొప్పున నూట అరవై ఎనిమిది. వరుసకి వచ్చే గాలి మొత్తం నూట ఇరవై. మా ఆయన ఊపిరి పీల్చుకుంటే ఐదో ఇంట్లో పిల్లకి లేదు. మీట తొమ్మిదికి దింపించి, బుడ్డి తియ్యకుండా ఆ రోజు నెట్టాను.

ఐదో రోజు

నిన్న సాయంత్రమే పదకొండిళ్లూ తిరిగాను. మిగతా ఇళ్లల్లో "ఆయన" మూతిని చేత్తో మూసేయాలి, అప్పుడు మీట పద్నాలుగు మీద ఉన్నా గాలి మా ఒక్క ఇంటికే పోతుంది. మూతికి బిరడా ఉండదు. పిండి ముద్దతో మూయాలి, పైన తడిగుడ్డ కట్టాలి. ఎండితే బీట వేస్తుంది కాబట్టి రోజూ ఉదయం కొత్త ముద్ద పెట్టాలి. వాళ్ల మగవాళ్లు ఆరు రోజులు గదిలో పల్చటి గాలితో సర్దుకోవాలి. ఆరోగ్యవంతులకి తలనొప్పి తప్ప ఇంకేం కాదు. ఆ మాట ప్రతి గడపలోనూ చెప్పాను.

అందరూ ఒప్పుకున్నారు. మూడో ఇంటావిడ, "మా ఆయన నోరు మూయడానికి ముద్ద సరిపోదేమో పిన్నీ," అంది. మంగతాయారు నాతో పాటు తిరుగుతూ ప్రతి ఇంట్లోనూ, "ఇప్పుడు మనందరికీ ఆయన ఒక్కడేనమ్మా, ఆ మీట నా దగ్గరుంది, కాస్త మర్యాదగా ఉండండి," అంటూ వచ్చింది. నవ్వించడానికి అంటోందని తెలుసు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎవరి ముద్ద సరిగా అంటలేదో చూసుకున్నాను.

ఇవాళ రోజంతా 13. బుడ్డి తియ్యలేదు. మిగిలినవి 2.

ఆరో రోజు

13. ఆయన ఏడు ముద్దలు తిన్నారు. ఇంకేం రాయను, దిష్టి తగులుతుంది.

ఏడో రోజు

ఉదయం పదింటికి 9కి పడింది. గోళ్లు నీలం. బుడ్డి తగిలించి ఇల్లిల్లూ చూసుకుంటూ వెళ్లాను. ఐదో ఇంట్లో ముద్ద లేదు. మూతి తెరిచి ఉంది. దాని ముందు కనకవల్లి భర్త గోడకి ఆనుకుని పడుకుని ఉన్నాడు. నాలుగు పూటలు వరసగా గొట్టాల పని చేసి వచ్చాడట, తల తిరిగి పడ్డాడట.

"కనకం, ఒక్క మూడు రోజులమ్మా..."

"ఎందుకు పెట్టాలి?" పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "మీ ఆయన మనిషి, మా ఆయన మాను అనుకున్నారా? పడిపోయాడండీ! తల గుమ్మానికి తగిలింది. మీ లెక్కలో తలనొప్పి తప్ప ఏం కాదన్నారు కదా!"

నేను వంగి అతని తల మీది దెబ్బ చూశాను.

"అసలు 'ముందే చెప్పి ఉంటే మళ్లీ చెప్పవద్దు' అని మాకు రాసిచ్చిందెవరు? నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఇలా రాసుకుంటే తప్పులు రావమ్మా అని నాకు నమూనా కాగితం ఇచ్చిందెవరు పిన్నిగారూ?"

నేనే. ఈ పుస్తకంలో మొదటి రోజే రాయాల్సింది. మూడో రోజు కచేరీలో తెలిసింది, అప్పుడూ రాయలేదు. నా పత్రం శుభ్రంగా ఉంటుందని పేరు. వరుసలో ఏ కొత్త కోడలొచ్చినా నా పత్రం నకలు తీసి ఇచ్చేదాన్ని. ఒకసారి నేను పై పేజీనే రెండుసార్లు పెట్టి కుట్టి "ఆయన" రెండుసార్లు వచ్చి కూర్పు ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ వాక్యం పెట్టుకున్నాను. పదకొండిళ్లూ దాన్ని ఎత్తి రాసుకున్నాయి. అది లేకపోతే మొన్న యంత్రం తప్పు పట్టేది, కూర్పు ఆగేది, అందరం దిద్దుకునేవాళ్లం. తప్పు కనపడకుండా చేసే వాక్యాన్ని పన్నెండిళ్లకి పంచిపెట్టింది నేను.

"నేనే ఇచ్చాను కనకం," అన్నాను. "అతను లేచేదాకా మూతి తెరిచే ఉంచు. తర్వాత నీ ఇష్టం."

ఇంటికి వచ్చేశాను. సాయంత్రం నాలుగింటికి ముల్లు దానంతటదే 13కి లేచింది. పెట్టింది. చెప్పడానికి రాలేదు.

బుడ్లు 1. దాన్లోనూ సగం.

ఎనిమిదో రోజు

పత్రాలు సాయంత్రం నాలుగింటి దాకా తీసుకుంటారు.

ఉదయం మంగతాయారు ఇంట్లో అందరం కూర్చున్నాం. అందరికీ వేరే పేర్లు కావాలి. ఇద్దరు "పిల్లల నాన్న" అని రాసుకొచ్చారు. మూడో ఇంటావిడ "మా ఇంటి మనిషి" అంది. మాది ఎనిమిదో ఇల్లు, "ఎనిమిదో ఇంటి ఆయన" అని రాద్దామనుకున్నాను గానీ వచ్చే నెల నుంచి పొరంతా ఒకే కూర్పట. పొరలో నలభై వరుసలు. నలభైమంది ఎనిమిదో ఇంటి ఆయనలు.

"పేర్లే రాయాలి," అన్నాను. "ఇంటిపేరుతో సహా."

"నోటితో అనకపోతే సరి. రాస్తే ఆయుష్షు తగ్గదులే," అంది మంగతాయారు, పిల్లలు రాసుకునే పలక మీద రాసి మాకు చూపించి వెంటనే చెరిపేసింది. నేనూ ఇంటికొచ్చి నా పత్రంలో ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆయన పేరు రాశాను. పైన ఒకసారి, కింద మూడు మూతుల దగ్గరా. గంటేటి తిరువేంగళం. ఆ వాక్యం కొట్టేశాను.

కచేరీలో ముకుందం గారు పత్రం తిరగేసి, "అక్షరాలు నాలుగుచోట్లా ఒకేలా ఉన్నాయా?" అన్నారు.

"తేడా ఉంటే తప్పు పడుతుందా?"

"పట్టదమ్మా, అదే చిక్కు. చెప్పని పేరు కనిపిస్తే కొత్త పేరనుకుని తనే ఒక సన్నని దారం వేసేస్తుంది. ఒక్క కొలత వస్తుంది. చీటీ మీద తప్పులు సున్నా అనే ఉంటుంది. డాక్టరు పంపే అంకె కూడా ఈ పేరు మీదే వస్తుంది, అందుకని మనిషి ఎలా రాసుకుంటారో అలాగే ఉండాలి."

మా ఆయన తన పేరు ఎలా రాసుకుంటారో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. మూడుంపావు. పత్రం లాక్కుని ఇంటికి పరుగెత్తాను.

"మీ పేరు ఎలా రాస్తారండీ?"

ఆయన నా వైపు చూసి, "ముప్పై ఒక్క ఏళ్లకి..." అన్నారు. ఊపిరి తీసుకుని, "అడిగావు," అన్నారు. కలం అడిగారు. పై వరసలో నేను రాసింది కొట్టేసి, వణుకుతూ, ఒక్కో అక్షరానికీ ఆగుతూ రాశారు. గంటేటి తిరువెంగళం. వెం, దీర్ఘం లేదు. కింద నేను రాసినచోటల్లా దీర్ఘాలు కొట్టేస్తూ వచ్చాను. గడియారం మూడూ నలభై. మళ్లీ పరుగు. నాలుగుకి రెండు నిమిషాలుండగా పత్రం బల్ల మీద పెట్టాను.

తొమ్మిదో రోజు

12. మాటలు మానేశారు. చేత్తో సైగలు. రాత్రి వాడగా బుడ్డిలో ముల్లు ఎర్రగీత కింద ఉంది, పది నిమిషాలకి మించి రాదు. దాన్ని రేపటికి ఉంచాను.

రేపు మధ్యాహ్నం అల్లిక. అల్లేటప్పుడు మూతులన్నీ మూసుకుంటాయి, దీపాలు పోతాయి. ఇంటికో కూర్పు ఉన్నప్పుడు ఒక్క నిమిషం. ఇప్పుడు పన్నెండిళ్లకి పన్నెండు నిమిషాలు.

పదో రోజు

పన్నెండున్నరకి అందరం ముద్దలు తీసేశాం. పన్నెండూ నలభై ఆరుకి దీపాలు పోయాయి. అల్లిక అయ్యేదాకా ఇంటావిడ వంటింట్లో గోడపలక మూత పట్టుకుని నిలబడాలి, చెయ్యి తీస్తే వరుసంతా ఆగిపోతుంది. ఆయన పడకగదిలో, ఆ చివరి బుడ్డితో. మధ్యలో గోడ.

గాలి లేని గొట్టాలు మాటలు మోస్తాయని నాకు తెలియదు. చీకట్లో గోడలోంచి ఆడవాళ్ల గొంతులు వచ్చాయి. ఎవరి భర్తని వాళ్లు పిలుచుకుంటున్నారు. "ఏమండీ!" "ఏమండీ, ఉన్నారా?" నేనూ "ఏమండీ" అన్నాను. అన్ని ఇళ్ల ఏమండీలూ కలిసి ఒకటే గొట్టంలో మోగుతున్నాయి. మగ గొంతులు ఎవరివో "ఆఁ" అంటున్నాయి. వాటిలో ఆయనది ఉందో లేదో తెలియలేదు. మళ్లీ "ఏమండీ" అన్నాను. మళ్లీ ఎవరో "ఆఁ" అన్నారు. మూత వదిలితే అల్లిక పోతుంది. వదలకపోతే ఆయన ఉన్నారో లేదో తెలియదు.

బుడ్డి లెక్క ప్రకారం పది నిమిషాలు. లోపల లెక్కపెడుతున్నాను. ఐదు వందల యాభై దాటింది.

"తిరువేంగళం!" అని అరిచాను. "తిరువేంగళం గారూ!"

గొట్టంలో ఆడవాళ్లందరూ ఒక్కసారి ఆగిపోయారు.

చాలాసేపటికి పడకగదిలోంచి, చిన్నగా: "వేం కాదు..." ఊపిరి. "వెం. పొట్టిది."

ఏడుపూ నవ్వూ రాకముందే భయం వచ్చింది. నిన్న కాదు మొన్న, ఆ పరుగులో, మూడుచోట్లా దీర్ఘం కొట్టేశానా? రెండు కొట్టేసినట్టు గుర్తుంది. మూడోది గుర్తు లేదు. ఆ మూడోది ఏ గది? పడకగదే అయితే? చీకట్లో పత్రం కళ్ల ముందు తెచ్చుకోవాలని చూశాను. నా చేతిరాత కనిపించలేదు, ఆయన వణుకు గీతలే కనిపించాయి. ఆరు వందలు. ఆరు వందల ఇరవై. "మాట్లాడండి," అన్నాను. మాట్లాడలేదు. గొట్టంలోంచి మంగతాయారు గొంతు, "అన్నయ్యగారూ, వదిన పిలుస్తోంది, పలకండి," అంది. తర్వాత కనకవల్లి. తర్వాత ఎవరెవరో. అందరూ ఆ పేరుతోనే పిలిచారు.

పన్నెండూ యాభై ఎనిమిదికి దీపాలు వచ్చాయి. మూత వదిలి వెళ్లాను.

పడకగది: 14. మనిషి పక్కకి ఒరిగి ఉన్నారు, మూతి మొహానికి ఆనించి పట్టుకున్నాను. ఐదు నిమిషాలకి కళ్లు తెరిచారు. పదిహేనో నిమిషానికి గోళ్లు తెలుపు.

వాలుకుర్చీ: 14.

స్నానాల గది: 1. దీర్ఘం అక్కడుండిపోయింది.

కచేరీ చీటీ సాయంత్రం వచ్చింది. తొమ్మిదో వరుస, తప్పులు: సున్నా.

మళ్లీ కూర్పు దాకా పది రోజులు స్నానాల గది తలుపు తియ్యకూడదు. ఆయనకి కుర్చీలోనే ఒళ్లు తుడవాలి. వేణ్ణీళ్లు, రెండు గుడ్డలు.

పై వాక్యంలో "ఆయనకి" అని రాశాను. కొట్టేశాను. తిరువెంగళానికి. పొట్టిది.